తుప్పును ఆపినవాడికి పతకమేదీ?

గణతంత్ర దినానికి ముందురోజు పద్మ పురస్కారాల జాబితా వెలువడుతుంది. మరో సందర్భంలో రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాలు ప్రకటిస్తారు. నవంబరు 14ను పిల్లల పండుగగా దేశమంతా ఎరుగును గానీ లోహశాస్త్రజ్ఞుల దినం కూడా అదేనని ఆ రంగంలో ఉన్నవారికే తెలుసు. ఆ రోజుల్లోనే మెటలర్జీ అవార్డుల మాట వినబడుతుంది. ప్రతిసారీ తెలుగునాట తలెత్తే ప్రశ్న ఒక్కటే: ఇందులో మనవాళ్లెందరు? పేర్లు లెక్కపెట్టడంతో చర్చ ముగిసిపోతుంది. ఎంపికైనవారు చేసిన పని ఏమిటి, దానివల్ల ఎవరి బతుకులో ఏం మారింది, అంతే విలువైన పని చేసి జాబితాకు ఎక్కనివారెవరు అని అడిగేవారు అరుదు.

పదార్థ విజ్ఞానం చేసే పనులు రెండు. లేని పదార్థాన్ని పుట్టించడం ఒకటి, ఉన్న పదార్థం చెడిపోకుండా కాపాడటం రెండోది. మన దేశంలో పెద్ద పతకాలన్నీ మొదటిదాని వైపే చూస్తున్నాయి. గోదావరి డెల్టాకు ప్రాణావసరమైనది రెండోది. నేల కింద గ్యాసు గొట్టాలు, నదిమీద వంతెనలు, ఉప్పునీటి చెరువుల్లో తిరిగే ఏరేటర్లు, సముద్రపు గాలికి నిలవాల్సిన ఇళ్లు ఉన్న ప్రాంతమిది. ఇక్కడ లోహం ఎంతకాలం మన్నుతుందన్నది మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయం. అందుకే పురస్కారాల గురించి డెల్టా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది.

ముందుగా పేర్ల లెక్కే చూద్దాం. అందులో తెలుగువారికి లోటేమీ లేదు. శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి ఇంజనీరింగ్ విభాగంలో 1963లో బ్రహ్మప్రకాశ్‌కు, 1964లో బి.ఆర్. నిఝావన్‌కు దక్కింది. ఇద్దరూ లోహశాస్త్రజ్ఞులే. స్వతంత్ర భారతం ఉక్కునూ అణు ఇంధనాన్నీ సొంతంగా తయారుచేసుకోవాలని తపిస్తున్న రోజులవి. ఆ తపనే బహుమతుల్లోనూ కనిపిస్తుంది. ఆ మరుసటి ఏడు, 1965లో, అదే బహుమతి భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుకు వచ్చింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన ఏఎస్ రావు ఆయనే. రక్షణ లోహ పరిశోధనశాలకు సారథ్యం వహించిన పల్లె రామారావుకు 1985లో భట్నాగర్ బహుమతి, 2011లో పద్మవిభూషణ్ లభించాయి. ఐదారు లోహాలను దాదాపు సమపాళ్లలో కలిపి చేసే హై ఎంట్రపీ మిశ్రలోహాల మీద కృషి చేసిన బుదరాజు శ్రీనివాసమూర్తి 2007లో, లోహాల యాంత్రిక ధర్మాలను శోధించిన ఉపద్రష్ట రామమూర్తి 2011లో భట్నాగర్ విజేతలయ్యారు.

ఈ గొలుసుకు కారణం ఊహించడం కష్టం కాదు. హైదరాబాద్‌లో 1963లో రక్షణ లోహ పరిశోధనశాల వచ్చింది. ఆ వెనుకే అణు ఇంధన సముదాయం, 1973లో మిశ్రలోహాల కర్మాగారం మిధాని వచ్చాయి. ప్రయోగశాల, దాని ఫలితాన్ని టన్నుల్లో తీసే కర్మాగారం, ఆ ఉత్పత్తిని కొనే వ్యవస్థ ఒకే ఊళ్లో చేరాయి. అలాంటిచోట పతకాలు వాటంతటవే వస్తాయి. డెల్టాలో అలాంటి కూర్పు ఏనాడూ లేదు. తాడేపల్లిగూడెంలో నిట్ మొదలైంది 2015లో. అందులో లోహ, పదార్థ ఇంజనీరింగ్ విభాగం ఉండటం మనకు దొరికిన కొత్త అవకాశం. దాన్ని దేనికి వాడుకోవాలన్నదే ఇప్పుడు ఆలోచించాల్సింది.

నగరం చెప్పిన పాఠం

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాసు పైపులైను పగిలింది. బయటికి వచ్చిన గ్యాసు ఊరిమీద పరుచుకుంది. దానికి నిప్పంటుకుంది. ఇళ్లలో నిద్రిస్తున్నవారు, అప్పుడే లేచి పనుల్లో పడినవారు మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు మొదళ్లదాకా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో తడి గ్యాసు పంపారని, గ్యాసులోంచి నీటిని తొలగించే యూనిట్ ఏర్పాటు చేయలేదని, లోపలి తుప్పే గొట్టాన్ని తినేసిందని విచారణలో తేలింది.

తడి గ్యాసు గొట్టంలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. బావినుంచి వచ్చే సహజవాయువుతోపాటు నీటి ఆవిరి వస్తుంది, ఎంతోకొంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్యాసు చల్లబడేకొద్దీ ఆవిరి నీరై గొట్టం అడుగున సన్నని పాయలా చేరుతుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ కరిగితే అది పులుపెక్కుతుంది. మనం తాగే సోడాలోని పులుపు ఇదే. ఈ పలుచని ఆమ్లం గొట్టం పైభాగం జోలికి అంతగా పోదు. అడుగుభాగంలో, ముఖ్యంగా నేల పల్లమైనచోట నీరు నిలిచేదగ్గర, గుంటలు గుంటలుగా తొలుచుకుంటూ పోతుంది. బయటి పూత చెక్కుచెదరకపోవచ్చు. పైన పొలం పచ్చగానే ఉంటుంది. గోడ మందం మిల్లీమీటరు మిల్లీమీటరుగా తరిగిపోయి, చివరికి లోపలి పీడనానికి తాళలేనిచోట గొట్టం చీలుతుంది.

దీన్ని ఆపే పద్ధతులన్నీ పాతవే. గ్యాసును ముందే ఆరబెట్టాలి. తుప్పును అడ్డుకునే రసాయనాన్ని కొలత ప్రకారం చుక్కలు చుక్కలుగా ఎక్కించాలి. ‘పిగ్’ అనే పరికరాన్ని ఈ చివరినుంచి ఆ చివరకు నడిపి, నిలిచిన నీటిని ఊడ్చెయ్యాలి. సెన్సర్లున్న పిగ్‌తో గోడ మందం అంగుళం అంగుళం కొలవాలి. గొట్టం లోపల చిన్న లోహపు ముక్కలు ఉంచి, కొన్ని నెలలకోసారి తీసి తూచి, ఎంత బరువు తగ్గిందో రాసుకోవాలి. ఈ పనుల్లో ఏ ఒక్కటీ పేరున్న పరిశోధన పత్రికలో అచ్చయ్యేది కాదు. పైగా ఇవన్నీ ఉత్పత్తిని కాసేపు ఆపమంటాయి, ఖర్చు పెట్టమంటాయి. పట్టుబట్టి చేయించే ఇంజనీరు సొంత సంస్థలోనే అడ్డుపుల్లలు వేసేవాడిగా ముద్ర పడతాడు. అతను విజయం సాధిస్తే ఆ ఊళ్లో మరో మామూలు రోజు తెల్లవారుతుంది, అంతే. మామూలు రోజుకు పతకం ఇచ్చే ఏర్పాటు మన దేశంలో దాదాపు లేదు.

ఇదే కథ ఇంటి పైకప్పుల్లోనూ నడుస్తోంది. తీరానికి దగ్గరి ఊళ్లలో ఉప్పు బోరునీటితో కలిపిన కాంక్రీటు, ఉప్పు సరిగా కడగని ఇసుక ఎంత నష్టం చేస్తాయో ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబానికీ అనుభవమే. మంచి కాంక్రీటులోని క్షారగుణం ఇనుప ఊచల మీద కంటికి కనబడని రక్షణ పొరను నిలబెడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను ఛేదిస్తుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్లు చోటు కోరుతుంది. ఆ ఉబ్బు లోపలినుంచి కాంక్రీటును చీలుస్తుంది. శ్లాబు పెచ్చులు ఊడటం మొదలైందంటే తుప్పు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోందని అర్థం. అంతర్జాతీయ తుప్పు ఇంజనీర్ల సంఘం నేస్ 2016లో వెలువరించిన అంచనా ప్రకారం తుప్పువల్ల ప్రపంచానికి ఏటా కలిగే నష్టం 2.5 లక్షల కోట్ల డాలర్లు, అంటే ప్రపంచ స్థూల ఉత్పత్తిలో 3.4 శాతం. తెలిసిన పద్ధతులను సరిగా పాటిస్తే అందులో 15 నుంచి 35 శాతం దాకా మిగుల్చుకోవచ్చని అదే అధ్యయనం చెప్పింది. కొత్తగా ఒక్క పదార్థం కూడా కనిపెట్టకుండానే అంత సొమ్ము మిగులుతుందన్నమాట.

పతకం ఎవరు పెట్టారు, దేనికి పెట్టారు

పదార్థాల రంగంలో పేరున్న పాత పతకాల్లో ఒకటి బ్రిటన్‌లోని బెస్సెమర్ స్వర్ణపతకం. ఉక్కు తయారీని మార్చేసిన హెన్రీ బెస్సెమర్ పేరుమీద దాన్ని ఇవ్వడం మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. ఉక్కు పరిశ్రమవారి సంఘం. కొలిమి దగ్గర పనిచేసేవారూ ప్రయోగశాలలో పనిచేసేవారూ ఒకే సంఘంలో ఉన్నారు కాబట్టి రెండు రకాల పనికీ విలువ దొరికింది. అమెరికాలో అదే తుప్పు ఇంజనీర్ల సంఘం నేస్ 1947లో రెండు పురస్కారాలు వేరువేరుగా పెట్టింది. తుప్పు శాస్త్రానికి విట్నీ అవార్డు, తుప్పు ఇంజనీరింగ్‌కు స్పెల్లర్ అవార్డు. తెలుసుకున్నవాడికి ఒకటి, తెలిసినదాన్ని క్షేత్రంలో అమలుచేసినవాడికి ఒకటి. చిన్న తేడాగా కనిపిస్తుంది గానీ ఒక వృత్తి తనను తాను ఎలా చూసుకుంటుందో ఆ విభజనలో తెలిసిపోతుంది. ఒకే పతకం ఉంటే అది ఎప్పుడూ ఎక్కువ పరిశోధన పత్రాలున్నవారి వైపే మొగ్గుతుంది. ఎంపిక సంఘాల్లో కూర్చునేవారు సహజంగానే తమవంటివారిని తేలిగ్గా గుర్తుపడతారు.

జర్మనీ 1997 నుంచి ఇస్తున్న అధ్యక్షుడి భవిష్యత్ బహుమతి వ్యక్తికే కాదు, బృందానికీ దక్కుతుంది. ఆవిష్కరణ ప్రయోగశాల దాటి వాడుకలోకి వచ్చే స్థాయికి చేరాలన్నది షరతు. చైనా తన అత్యున్నత విజ్ఞాన పురస్కారాన్ని 2010 సంవత్సరానికి షి చాంగ్‌షు అనే లోహశాస్త్రజ్ఞుడికి ఇచ్చింది. జెట్ ఇంజన్లలో వాడే బోలు టర్బైన్ రెక్కలను పోత పోసే పద్ధతిని తమ దేశంలో సాధించిన వ్యక్తి ఆయన. అప్పటికి ఆయన వయసు 90. ఎంత ఆలస్యమైనా, ఒక తయారీ పద్ధతికి దేశపు అతిపెద్ద గౌరవం దక్కిందన్నది గమనించాలి. అదే చైనా 2017లో జాతీయ విజ్ఞాన అవార్డుల సంఖ్యను తగ్గించి, దరఖాస్తుల స్థానంలో ఇతరులు ప్రతిపాదించే పద్ధతి తెచ్చింది. అవార్డు కోసం తనకు తానే ఫైలు తయారుచేసుకునే అలవాటును వదిలించడమే ఆ మార్పు లక్ష్యం.

నోబెల్‌లో పదార్థ విజ్ఞానానికి విడిగా చోటు లేదు. అయినా భౌతిక, రసాయన విభాగాల్లోంచి అది తొంగిచూస్తూనే ఉంది. వేడికి దాదాపు వ్యాకోచించని ఇన్వార్ అనే నికెల్ ఉక్కుకు 1920లో, క్వాసీ స్ఫటికాలకు 2011లో, నీలి ఎల్‌ఈడీకి 2014లో, లిథియం అయాన్ బ్యాటరీకి 2019లో బహుమతులు వచ్చాయి. ముగ్గురికి మించి ఇవ్వరాదన్న నోబెల్ నిబంధన మాత్రం పదార్థ విజ్ఞానానికి బొత్తిగా నప్పదు. ఒక ఉక్కు రకం బయటికి రావాలంటే కొలిమి దగ్గర, రోలింగ్ మిల్లులో, పరీక్షశాలలో పదుల మంది చేతులు పడాలి.

మన దగ్గర జరిగిన మార్పు సంగతేమిటి? 2022లో కేంద్రం విజ్ఞాన శాఖల అవార్డులను సమీక్షించి వందల సంఖ్యలో ఉన్నవాటిని ఎత్తివేసింది. వాటి స్థానంలో రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కార్ వచ్చింది. 2024 ఆగస్టులో తొలి విడతగా 33 పురస్కారాలు ఇచ్చారు. జీవరసాయన శాస్త్రవేత్త గోవిందరాజన్ పద్మనాభన్‌కు విజ్ఞాన రత్న, చంద్రయాన్-3 బృందానికి బృంద పురస్కారం దక్కాయి. భట్నాగర్ పేరు యువ విభాగంలో మిగిలింది. పాత భట్నాగర్‌తో వచ్చే 5 లక్షల రూపాయల నగదు మాత్రం పోయింది. కొత్తవాటికి పతకం, ప్రశంసాపత్రం మాత్రమే.

దీనిమీద వాదాలు రెండువైపులా ఉన్నాయి. వందల అవార్డులుంటే దేనికీ విలువ ఉండదని, చాలావరకు అవి ఒక సంస్థ తన ఉద్యోగులకు తానే ఇచ్చుకునే సన్మానాలుగా మారిపోయాయని ప్రక్షాళనను సమర్థించేవారి మాట. అందులో నిజముంది. చిన్న రంగాల పనిని పసిగట్టగలిగేది చిన్న అవార్డులేనని, పెద్ద జల్లెడలో అవి రాలిపోతాయని రెండోవారి మాట. అందులోనూ నిజముంది. నాకు రెండో వాదమే బలంగా తోస్తుంది. కొత్త వ్యవస్థ గుర్తించిన 13 రంగాల్లో పదార్థ విజ్ఞానం పేరు లేదు. అది ఇంజనీరింగ్‌లోనో, రసాయన శాస్త్రంలోనో, అణుశక్తిలోనో, అంతరిక్షంలోనో తలదాచుకోవాలి. అలా చేరేటప్పుడు రాకెట్ లోహం ముందు పీఠాన ఉంటుంది, గ్యాసు గొట్టం తుప్పు వెనకపడుతుంది. నగదు తీసేయడం కూడా మంచి నిర్ణయం కాదు. పెద్ద సంస్థ శాస్త్రవేత్తకు ఐదు లక్షలు లెక్కలోది కాకపోవచ్చు. చిన్న ఫౌండ్రీ యజమానికి అది కొత్త కొలిమి.

లోహశాస్త్రజ్ఞులకు మాత్రం ఉక్కు, గనుల మంత్రిత్వ శాఖ 1962లో ఏర్పాటుచేసిన జాతీయ అవార్డుల పరంపర ఉంది. కర్మాగార నిర్వహణ, పరిశోధన, డిజైన్, బోధన, వ్యర్థాల వినియోగం, ఇంధన పొదుపు వంటి కృషిని అది గుర్తిస్తూ వచ్చింది. 1946లో పుట్టిన భారతీయ లోహ సంస్థ కూడా తన పతకాలు తాను ఇస్తోంది. ఈ రెండింటిలోనూ చేతితో చేసే పనికి కొంత చోటుండటం మెచ్చుకోదగినది. ఉక్కు శాఖ దృష్టి సహజంగానే ఉక్కు కర్మాగారాల మీద ఉంటుంది. ఉక్కు గేటు దాటి బయటికొచ్చాక, గొట్టమై నేలలోకీ ఊచై శ్లాబులోకీ వెళ్లాక దాని బాగోగులు ఎవరి శాఖ? పెట్రోలియం, రైల్వే, రోడ్లు, గృహనిర్మాణం, పురపాలక శాఖల మధ్య అది అనాథ అవుతోంది.

భద్రతా అవార్డులు లేవా అని ఎవరైనా అడగొచ్చు. కావలసినన్ని ఉన్నాయి. అవి కొలిచేది మాత్రం వేరు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. ఏడేళ్లుగా ఆ రిగ్‌పై పనిరోజు కోల్పోయేంత ప్రమాదమేదీ జరగలేదని అభినందించడానికి కంపెనీల పెద్దలు ఆరోజు ఆ రిగ్ మీదే ఉన్నారు. ఎవరికీ కాలు బెణకలేదు, వేలు తెగలేదు అన్న లెక్క బావి లోపలి సిమెంటు ఎలా ఉందో చెప్పదు. మనుషులు జారిపడని చోట కూడా గొట్టం గోడ పలచబడుతూ ఉండొచ్చు. పదార్థం ఆరోగ్యాన్ని నేరుగా కొలిచి, ఆ కొలతలు బయటపెట్టినవారికే దక్కే పురస్కారం వేరే కావాలి.

కొలిమి దగ్గరి శాస్త్రం

డెల్టాలో లోహవిద్య ఎప్పటినుంచో ఉంది. దానికి ఆ పేరు పెట్టలేదంతే. పెరవలి మండలంలోని అజ్జరం ఇత్తడి సామాను గోదావరి జిల్లాల్లో తెలియని ఇల్లుండదు. బిందె, గంగాళం, గుడిగంట, దీపపు సెమ్మె అక్కడ తయారై వస్తాయి. రాగిలో తుత్తునాగం కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు అన్నది బడిలో చదివే మాట. కొలిమి ముందు నిలబడిన మనిషికి తెలిసింది అంతకంటే లోతైనది. రాగి కరిగే వేడికి ఎంతో ముందే తుత్తునాగం ఆవిరైపోతుంది. తెల్లని పొగ లేస్తోందంటే డబ్బు పొగలో పోతోందని, పోతలో పాళ్లు మారుతున్నాయని అతనికి తెలుసు. ఎప్పుడు వేయాలి, ఎంత కలపాలి, మూసను ఎప్పుడు దించాలి అన్నది కంటితో, పొగ రంగుతో తేల్చుకుంటాడు. గంటకైతే మోగాల్సిన స్వరాన్ని బట్టి పాళ్లు, గోడ మందం మారతాయి. ఉష్ణగతికశాస్త్రం చెప్పేదాన్ని అతను అనుభవంతో పట్టుకున్నాడు.

అలాగే రాజమహేంద్రవరంలోని గ్రాఫైటు మూసల తయారీ. కరిగిన లోహాన్ని పట్టి ఉంచాల్సిన పాత్ర అది. గ్రాఫైటు వేడిని త్వరగా లోపలికి పంపుతుంది, కరిగిన లోహం దానికి అంటుకోదు. ఆ గ్రాఫైటును మట్టి కట్టి ఉంచుతుంది. గాలి తగిలితే గ్రాఫైటు కాలిపోతుంది కాబట్టి పైన గాజులాంటి పూత ఉండాలి. మట్టి పాలు కాస్త ఎక్కువైతే వేడి అందదు, తక్కువైతే మూస పగులుతుంది. స్వచ్ఛమైన పదార్థ ఇంజనీరింగ్ ఇది. దీన్ని చేసేవారిని మాత్రం మనం చిన్న పరిశ్రమల లెక్కలో రాసేసి వదిలేశాం.

ఇత్తడి పనివాడికి ప్రభుత్వం తరఫున దక్కగల గౌరవం హస్తకళల జాతీయ అవార్డు లేదా శిల్పగురు. రెండూ జౌళి శాఖవి. అంటే అతని పనిలోని అందాన్ని మాత్రమే దేశం చూస్తోంది, అందులోని శాస్త్రాన్ని చూడటం లేదు. కార్మిక శాఖ ఇచ్చే ప్రధానమంత్రి శ్రమ అవార్డులకు ప్రైవేటు రంగంలో 500 మందికి పైగా పనిచేసే సంస్థలే అర్హం. నలుగురైదుగురు పనిచేసే కొలిమికి అక్కడా తలుపు మూసే ఉంది. జపాన్ ఈ విషయంలో ముందుంది. అక్కడి కార్మిక శాఖ 1967 నుంచి ‘సమకాలీన నిపుణులు’ అంటూ ఏటా సుమారు 150 మందిని గుర్తిస్తుంది. కత్తులు చేసే కమ్మరి, పోత పోసేవాడు, లేత్ మీద మైక్రాన్ తేడా పట్టే కార్మికుడు, వంటవాడు అందరూ అందులో ఉంటారు. తయారీ విధానాల్లో మెరుగులు దిద్దినవారికి ఓకోచి స్మారక బహుమతి 1950ల నుంచి ఉంది. ఆ జపాన్ నేల మీదే మసాతో సగావా పుట్టుకొచ్చారు. ఒక ఎలక్ట్రానిక్స్ సంస్థలో తన ఆలోచనకు ఆదరణ లేక బయటికి వచ్చి, 1982లో నియోడిమియం అయస్కాంతాన్ని సాధించారు. 2022లో ఇంజనీరింగ్‌కు ఇచ్చే క్వీన్ ఎలిజబెత్ బహుమతి ఆయన ఒక్కరికే దక్కింది.

సగావా పేరు ఇక్కడ ఊరికే ఎత్తలేదు. నియోడిమియం దొరికే మోనజైటు ఖనిజం నిల్వలు దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలోనే. చైనా 2025 ఏప్రిల్‌లో కొన్ని అరుదైన లోహాలు, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే వాహన పరిశ్రమలు ఎంత కంగారుపడ్డాయో చూశాం. అదే ఏడాది నవంబరులో కేంద్రం అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ఇసుకనుంచి అయస్కాంతం దాకా ఉన్న దారిలో ఖనిజాన్ని వేరుచేయడం, థోరియాన్ని భద్రంగా పక్కన పెట్టడం, లోహంగా మార్చడం, తుప్పు పట్టకుండా పూత వేయడం వంటి మెట్లున్నాయి. అవును, నియోడిమియం అయస్కాంతానికీ తుప్పే శత్రువు; నికెల్ పూత లేకపోతే తేమగాలికి పొడిపొడిగా రాలిపోతుంది. కొత్త పదార్థాన్ని కనిపెట్టడం, దాన్ని కాపాడటం నిజానికి విడదీయలేని పనులు. విడదీసింది మన పురస్కారాలే.

పనిని గౌరవించడం డెల్టాకు చేతకాక కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేసిన ఆర్థర్ కాటన్‌కు గోదావరి రైతు ఊరూరా విగ్రహం పెట్టుకున్నాడు, ఈనాటికీ మే 15న దండ వేస్తాడు. ఏ ప్రభుత్వమూ ఇవ్వలేని పురస్కారం అది. ఆ ఆనకట్ట పనిలో కాటన్ పక్కన నిలిచిన స్థానిక ఇంజనీరు వీణెం వీరన్న పేరు మాత్రం చాలామందికి తెలియదు. రాయి మోసినవారి, గానుగ సున్నం కలిపినవారి పేర్లు అసలే మిగల్లేదు. బృందం చేసిన పనిని ఒక్కరికి రాసిచ్చే అలవాటు మనకూ ఉంది. కొత్తగా ఏదైనా మొదలుపెడితే ఆ అలవాటును మొదటే వదులుకోవాలి.

మొదలుపెట్టాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. పదార్థాల మన్నికకు రాష్ట్రస్థాయి పురస్కారం ఒకటి ఏర్పాటు చేయాలి. అది వ్యక్తికి కాక బృందానికి దక్కాలి, బృందంలో వెల్డర్ నుంచి డిజైనర్ దాకా అందరి పేర్లూ పత్రంపై ఉండాలి. పరిశోధన పత్రాల సంఖ్యను ఎక్కడా అడగకూడదు. ఒక గొట్టం, వంతెన, ఆక్వా పరికరం, మూస, గృహసముదాయం కనీసం పదేళ్లు వాడుకలో ఉన్నాక దాని కొలతలు చూసి ఎంపిక చేయాలి. ఏమీ జరగకపోవడాన్ని కొలవడం ఎలా అన్న అభ్యంతరం వస్తుంది. అది న్యాయమైన ప్రశ్నే, దానికి జవాబూ ఉంది. గోడ మందం రికార్డులు, తుప్పు వేగం, కాంక్రీటులో క్లోరైడు శాతం, మరమ్మతు ఖర్చు ఇవన్నీ అంకెలే. అంకెలు బయటపెట్టని సంస్థ పోటీకి రాకూడదు. పురస్కారం వల్ల మరే మేలూ జరగకపోయినా, ఆ ఒక్క షరతు వల్ల డెల్టా ప్రజలు తమ కాళ్లకింద ఉన్న గొట్టం వయసెంతో మొదటిసారి తెలుసుకుంటారు. పరిశ్రమలు తమ ప్రచారానికి వాడుకుంటాయన్న భయం కూడా ఉంది. ఇచ్చిన తర్వాత లోపం దాచారని తేలితే వెనక్కి తీసుకునే నిబంధన ఉంటే ఆ భయం చాలావరకు తీరుతుంది.

అవార్డుల కంటే నిధులు ముఖ్యమనేవారితో నాకు తగవు లేదు. తీరమండలాల్లో తుప్పు వేగాన్ని కొలిచే కేంద్రాలు పెట్టడానికి, బోర్ల నీటిలో క్లోరైడు పరీక్షలకు, అజ్జరం కొలిముల్లో ఉష్ణమాపకాలకు డబ్బు కావాలి. తాడేపల్లిగూడెం నిట్, కాకినాడ జేఎన్‌టీయూ కలిసి ఆ పని చేయగలవు. విద్యార్థులు హైదరాబాద్ ఉద్యోగం కోసం మాత్రమే కాకుండా మామిడికుదురు గొట్టం కోసం కూడా లోహశాస్త్రం చదవాలంటే, ఆ పనికి సంఘంలో పేరుండాలి. పేరు వచ్చేది పురస్కారంతోనే. కేంద్రం కూడా రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కార్ రంగాల్లో పదార్థ విజ్ఞానాన్ని విడిగా చేర్చాలి, అందులో కొంత వాటా క్షేత్రంలో పనిచేసేవారికి కేటాయించాలి.

తొలి పురస్కారాన్ని వచ్చే జూన్ 27న ఇవ్వండి. వేదిక విజయవాడలో వద్దు, నగరం గ్రామంలో వేయండి. 2014లో అదే రోజు మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలవారి చేతులమీదుగా, గొట్టం పగలకుండా చూసిన ఇంజనీరుకు, వెల్డరుకు ఆ పతకం అందించండి.